ఛార్జ్: బండికెత్తిన బరువు నుంచి ఫోన్ బ్యాటరీ దాకా

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: ఫోన్‌కు పెట్టే ఛార్జింగ్, పోలీసులు వేసే ఛార్జిషీటు, డెలివరీ ఛార్జీలు, ఆఫీసులో ఇన్‌ఛార్జి, లాఠీఛార్జి. వీటన్నిటిలోని ‘ఛార్జ్’ ఒకటే మాటా, లేక ఒకేలా వినిపించే వేర్వేరు మాటలా? దీని మూలం సంస్కృతంలోని ‘చర’ అని ఎక్కడో చదివారు, అది నిజమేనా?

ఒకటే మాట. మూలం ‘చర’ కాదు. జవాబు ఇంతటితో అయిపోయినట్టే గానీ, ఈ మాట నడిచి వచ్చిన దారి తెలిస్తే దాని అర్థాలను విడివిడిగా బట్టీ పట్టే అవసరం తప్పుతుంది. నేను చాలాకాలంగా ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. ఛార్జ్ కనబడిన ప్రతిచోటా నాకు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ ఎవరు, దేని మీద, ఏం ఎక్కిస్తున్నారు? ఎందుకంటే ఈ మాటకు మొట్టమొదటి అర్థం బండికి బరువు ఎత్తడం.

లాటిన్‌లో ‘కర్రుస్’ అంటే సామాను మోసే బండి. నిజానికి ఇది రోమన్ల సొంత మాట కాదు. ఇప్పటి ఫ్రాన్స్, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో అప్పట్లో గాల్ జాతులు ఉండేవి. వాళ్లవి కెల్టిక్ భాషలు. వాళ్ల దగ్గర బండిని ‘కర్రొస్’ అనేవారు, రోమన్లు దాన్నే తీసుకున్నారు. ఇదొక్కటే కాదు, లాటిన్‌లో బండ్ల పేర్లు చాలా గాల్ వాళ్ల నుంచి వచ్చినవే. ‘కార్పెంటుమ్’ అనే రెండు చక్రాల బండి కూడా అలాంటిదే. దాన్ని చేసేవాడు ‘కార్పెంటారియుస్’. ఇంగ్లీషులో వడ్రంగిని కార్పెంటర్ అనడం అక్కడి నుంచే వచ్చింది. అంటే మొదట్లో కార్పెంటర్ అంటే బండ్లు చేసేవాడన్నమాట.

జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధాల గురించి రాసిన పుస్తకంలో మొదటి భాగంలోనే ఈ కర్రుస్ కనబడుతుంది. క్రీ.పూ. 58లో, నేటి స్విట్జర్లాండ్ ప్రాంతంలో ఉండే హెల్వెటీలు అనే జాతి మొత్తంగా వలస బయల్దేరింది. దొరికినన్ని పశువులనూ బండ్లనూ కొని పోగుచేసుకున్నారని, వెనక్కి రావాలన్న ఆశ మిగలకూడదని తమ 12 పట్టణాలను, దాదాపు 400 పల్లెలను తామే తగలబెట్టుకున్నారని సీజర్ రాశాడు. చివరి యుద్ధంలో ఆ బండ్లనే కోటగోడలా అడ్డం పెట్టి, వాటి మాటున రాత్రి పొద్దుపోయేదాకా పోరాడారట. ఇవాళ మనం ఫోన్‌కు తగిలించే ఛార్జర్ పేరు ఆ బండ్ల పేరు నుంచే వచ్చింది.

తర్వాతి కాలపు లాటిన్‌లో కర్రుస్ నుంచి ‘కర్రికారే’ అనే క్రియ పుట్టింది. బండికి సరుకు ఎత్తడం అని దాని అర్థం. పాత ఫ్రెంచిలో అది ‘చార్జియేర్’ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడి కోర్టుల్లోనూ దొరల ఇళ్లలోనూ ఫ్రెంచి మాటలు కుదురుకున్నాయి. ఛార్జ్ కూడా అలాగే వచ్చి 1200 ప్రాంతానికల్లా ఇంగ్లీషులో చేరిపోయింది. అప్పటి అర్థం బరువు, మోత. అంతే.

ఇక్కడ ‘క’ ఎందుకు ‘చ’ అయిందో చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిస్తే ఇంకా ఎన్నో మాటల చుట్టరికాలు బయటపడతాయి. లాటిన్‌లో మాట మొదట్లో ఉన్న ‘క’ను పారిస్ వైపు వాళ్లు ‘చ’గా మార్చారు. ఉత్తరాన నార్మండీ వాళ్లు ‘క’ను అలాగే ఉంచుకున్నారు. ఇంగ్లీషు ఈ రెండు వైపుల నుంచీ మాటలు తీసుకుంది. దాంతో ఒకే లాటిన్ మాట రెండు వేషాల్లో వచ్చి చేరింది. పట్టుకోవడం అనే ‘క్యాచ్’, తరమడం అనే ‘ఛేజ్’ అలా ఒకే తల్లి బిడ్డలు. పశువులు అనే ‘క్యాటిల్’, చరాస్తి అనే ‘ఛాటెల్’ కూడా అంతే. మన మాట విషయానికొస్తే నార్మన్ల దారిలో కారు, క్యారీ వచ్చాయి. పారిస్ దారిలో ఛార్జ్, చారియట్ వచ్చాయి. అదే కర్రికారే స్పానిష్‌లోకి వెళ్లి ‘కార్గో’ అయింది, 17వ శతాబ్దంలో ఓడల వ్యాపారంతో పాటు ఇంగ్లీషుకు చేరింది.

ఇక అర్థాల సంగతి. తెలుగు తెలిసినవాళ్లకు ఇది నిజంగా సులువు, ఎందుకంటే మనకు ‘మోపు’ అనే క్రియ ఉంది. బరువు మోపుతాం, పన్ను మోపుతాం, నేరం మోపుతాం. ఒకే క్రియ మూడు చోట్లా సరిపోతోంది. ఛార్జ్ చేసింది అచ్చంగా ఇదే పని. బండి మీద మోపిన బరువు మనిషి మీదికి మారింది. ఆ బరువు బాధ్యత అయితే ఒక అర్థం, డబ్బు అయితే ఇంకో అర్థం, నింద అయితే మరో అర్థం. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్న ‘ఆరోపణ’ చూడండి. ఆరోపించడం అంటే ఎక్కించడం, పైన పెట్టడం అనే అసలు అర్థం. ఒకరి మీద నేరాన్ని ఎక్కిస్తే అది ఆరోపణ. ఏ సంబంధమూ లేకుండానే రెండు భాషలూ ఒకే ఆలోచన చేశాయి. అనువాదంలో ఛార్జ్‌కు ‘ఆరోపణ’ అని రాసినప్పుడల్లా ఇంతకంటే సరిపోయే మాట దొరకదనిపిస్తుంది నాకు.

బాధ్యత అనే అర్థం ముందుగా, 14వ శతాబ్దంలోనే వచ్చింది. ఇన్‌ఛార్జిలో ఉన్నది అదే. ఇక్కడ చాలామంది తడబడే చోటు ఒకటుంది. ‘ఇన్ ఛార్జ్ ఆఫ్’ అంటే బాధ్యత మోస్తున్నవాడు. మధ్యలో ‘ద’ చేరి ‘ఇన్ ద ఛార్జ్ ఆఫ్’ అయితే దిశ తిరగబడుతుంది: అప్పుడు చెప్పేది ఒకరి సంరక్షణలో ఉన్నవాళ్ల గురించి. ఆయా చూసుకునే పిల్లలను ‘ఆమె ఛార్జెస్’ అని రాసే అలవాటు ఇంగ్లీషులో ఉంది. అది చూసి ఆవిడ మీద కేసులున్నాయనుకుంటే కథ మొత్తం మారిపోతుంది. ఇంకో సంగతి, మనం ‘ల్యాబ్ ఇన్‌ఛార్జి’ అని మనిషినే ఇన్‌ఛార్జి అంటాం. తెలుగులో అది స్థిరపడిపోయింది, అందులో తప్పేం లేదు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం ‘పర్సన్ ఇన్ ఛార్జ్’ అనాలి.

డబ్బు అనే అర్థం 15వ శతాబ్దం నాటిది. ఒకరి ఖాతా మీద ఖర్చు ఎక్కించడం. ‘ఈ ఖర్చు నా లెక్కలో వేయండి’ అంటాం కదా, అదే. అందుకే ఛార్జ్ అనేది ముఖ్యంగా సేవకు అడిగే డబ్బు. వస్తువుకు ప్రైస్, ప్రయాణానికి ఫేర్, డాక్టరుకో లాయరుకో ఇచ్చేది ఫీజు. ‘బస్ ఛార్జీలు’ తెలుగులో చక్కగా చెల్లుతుంది గానీ ఇంగ్లీషులో అక్కడ రావాల్సింది ఫేర్. న్యాయశాస్త్రంలో ఆస్తి మీద ఛార్జ్ అంటే ఆ ఆస్తిని అంటిపెట్టుకున్న అప్పు భారం. అక్కడ మూలార్థం ఇంకా పచ్చిగా కనబడుతుంది.

నేరారోపణ అనే అర్థం 15వ శతాబ్దం చివరికి వచ్చింది. దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్క జాగ్రత్త తప్ప: అరెస్టు వేరు, ఛార్జ్ వేరు, నేరం రుజువు కావడం వేరు. ఛార్జ్ అంటే నేరాన్ని ఒకరి మీద లాంఛనంగా మోపడం మాత్రమే. వార్తల అనువాదాల్లో ఈ మూడూ కలిసిపోయి నిర్దోషులు దోషులైపోవడం చూస్తుంటే బాధగా ఉంటుంది.

దాడి అనే అర్థం మిగతావాటిలా నేరుగా రాలేదు. తుపాకీలో మందు దట్టించడాన్ని ఛార్జ్ చేయడం అనేవారు, అది బరువెత్తడమే. ఈటెను, బల్లేన్ని శత్రువు వైపు వంచి సిద్ధంగా పట్టుకోవడాన్నీ అలాగే అనేవారు. ఆయుధం అలా పట్టుకున్నాక జరిగేది ముందుకు దూకడమే. 16వ శతాబ్దంలో ఆ దూకడానికే ఛార్జ్ అనే పేరు వచ్చింది. నిఘంటుకర్తలు ఎక్కువగా చెప్పే దారి ఇదే, నాకూ ఇదే నమ్మకంగా అనిపిస్తుంది. ఎందుకంటే మన ‘ఎక్కుపెట్టు’ దీనికి చాలా దగ్గర. నారి ఎక్కించడం, బాణం గురిపెట్టడం, అక్కడి నుంచి విమర్శలు ఎక్కుపెట్టడం దాకా అది నడిచింది. 1854 అక్టోబరు 25న క్రిమియా యుద్ధంలో బలక్లావా దగ్గర బ్రిటిష్ అశ్వికదళం రష్యన్ ఫిరంగుల మీదికి దూసుకెళ్లి బాగా దెబ్బతింది. చరిత్రలో అది ‘లైట్ బ్రిగేడ్ ఛార్జ్’గా నిలిచిపోయింది. లాఠీఛార్జిలో ఉన్నది ఈ అర్థమే. గుంపు మీదికి లాఠీలతో దూసుకెళ్లడం అన్నమాట, లాఠీకి ఏదో ఎక్కించడం కాదు.

అసలు విశేషం విద్యుత్తు దగ్గర ఉంది. 1745-46లో జర్మనీలో క్లైస్ట్, హాలండులోని లైడెన్‌లో ముషెన్‌బ్రూక్ ఎవరికి వారే ఒక సంగతి కనుక్కున్నారు. నీళ్లు పోసిన గాజు సీసాలోకి లోహపు తీగ దించి, రాపిడి యంత్రంతో పుట్టించిన విద్యుత్తును దాంట్లోకి పంపితే అది లోపల నిలవ ఉంటోంది. ముట్టుకుంటే మనిషి అదిరిపడేంత షాక్ కొడుతోంది. దీన్నే లైడెన్ జాడీ అంటారు. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1747 నుంచి దీని మీద ప్రయోగాలు చేసి, ఫలితాలను లండన్‌లోని మిత్రుడు పీటర్ కాలిన్సన్‌కు ఉత్తరాలుగా రాశాడు. విద్యుత్తు ఒక రకమైన ద్రవం లాంటిదని ఫ్రాంక్లిన్ నమ్మాడు. అది ఎక్కువైతే పాజిటివ్, తక్కువైతే నెగెటివ్ అన్నాడు. ఆ ద్రవాన్ని సీసాలో నింపడం ఛార్జ్, అది ఒక్కసారిగా బయటికి పోవడం డిశ్చార్జ్.

ఆ రోజుల్లో ఈ రెండు మాటలు వింటే ఎవరికైనా మనసులో మెదిలేది తుపాకీ. మందు కూరుతారు, పేలుస్తారు. సీసా కూడా అంతే: నింపుతారు, చిటపటమని మెరుపుతో వదిలేస్తుంది. ఇది నా ఊహ మాత్రమే కాదు, బ్యాటరీ అనే పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఫ్రెంచిలో ‘బాత్ర్’ అంటే కొట్టడం. దాన్నుంచి వచ్చిన ‘బాత్రీ’ ఒకేచోట వరసగా నిలిపి కోటగోడలను బద్దలు కొట్టే ఫిరంగుల పేరైంది. ఫ్రాంక్లిన్ 1749లో 11 కిటికీ గాజు పలకలకు రెండు వైపులా సీసపు రేకులు అంటించి, అన్నిటినీ కలిపి ఒకేసారి పనిచేసేలా చేశాడు. దానికి ఆయన పెట్టిన పేరు ఎలక్ట్రికల్ బ్యాటరీ. 1800లో వోల్టా లోహపు బిళ్లలు పేర్చి రసాయనాలతో విద్యుత్తు పుట్టించాక, తర్వాత్తర్వాత ఆ పేరు అలాంటి ఘటాలకు అంటుకుని ఇవాళ మన జేబుల్లోకి వచ్చింది. ఫోన్ బ్యాటరీ ఛార్జ్ అవుతోంది అన్న వాక్యంలో ఒక ఫిరంగి, ఒక తుపాకీ మందు, వాటి వెనక ఒక గాల్ బండి ఉన్నాయి.

సైన్స్ చదువుకునేవాళ్ల కోసం ఇక్కడొక మాట. ఫోన్ నిండా ఛార్జ్ అయిందంటే అందులో విద్యుదావేశం పోగైందని కాదు. లిథియం అయాన్లు బ్యాటరీలో ఒక ఎలక్ట్రోడ్ నుంచి రెండో దానికి చేరతాయి, ఎలక్ట్రాన్లు బయటి తీగల దారిన వెళ్తాయి. మొత్తం మీద బ్యాటరీ తటస్థంగానే ఉంటుంది. నిండేది శక్తి. కాబట్టి భౌతికశాస్త్రంలోని ఛార్జ్, ఫోన్ ఛార్జ్ ఒకే పుట్టుక గలవే అయినా ఒకే వస్తువు కాదు. అలాగే పాజిటివ్, నెగెటివ్ అనే గుర్తులు ఫ్రాంక్లిన్ ఊహ మీద పెట్టినవి. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను గుర్తించాక తెలిసిందేమిటంటే, తీగలో కదిలేవి నెగెటివ్ కణాలని. అప్పటికే పుస్తకాలన్నీ ఆ గుర్తులతోనే నిండిపోయాయి, కరెంటు పాజిటివ్ నుంచి నెగెటివ్‌కు వెళ్తుందనే ఇప్పటికీ రాస్తున్నాం.

మన పాఠ్యపుస్తకాల్లో భౌతికశాస్త్రపు ఛార్జ్‌ను ‘ఆవేశం’ అన్నారు. లోపలికి ప్రవేశించడం అనే ధాతువు నుంచి వచ్చిన మాట అది. బరువెత్తడం అనే పోలికను వదిలేసి లోపలికి రావడం అనే పోలికను తీసుకున్నారు. మంచి ఎంపిక అని నా అభిప్రాయం, ఎందుకంటే ఇంగ్లీషులో ఉద్వేగం నిండిన వాతావరణాన్ని ‘ఛార్జ్‌డ్’ అంటారు, తెలుగులో ఆవేశం కూడా అటు భౌతికశాస్త్రానికీ ఇటు మనసుకూ రెండిటికీ పనికొస్తోంది.

డిశ్చార్జ్‌ను దీనికి జోడీగా చూడాలి. బరువు దించడం. ఆసుపత్రి నుంచి రోగి, సైన్యం నుంచి జవాను, నదిలోంచి నీళ్లు, గాయంలోంచి చీము, అన్నిటికీ డిశ్చార్జే. ఇందులో నాకు బాగా నచ్చేది ‘డిశ్చార్జింగ్ వన్స్ డ్యూటీ’ అనే ప్రయోగం. వదిలేయడం అనే అర్థమున్న మాట విధి నిర్వహించడం అనే అర్థం ఎలా ఇస్తోందని చాలామంది అడుగుతారు. మోయాల్సినంత దూరం మోశాక దించడమే నిర్వహించడం. పెళ్లి చేసి ‘బాధ్యత దిగింది’ అనే తల్లిదండ్రుల నోట ఉన్నది కూడా సరిగ్గా ఈ భావమే.

ఛార్జర్‌కు కూడా రెండు పాత అర్థాలు ఉన్నాయి, పాత పుస్తకాలు చదివేవారికి ఇవి కావాలి. యుద్ధంలో దూకే గుర్రం ఒకటి. వడ్డించిన ఆహారాన్ని మోసే పెద్ద పళ్లెం ఇంకొకటి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో బాప్తిస్మమిచ్చు యోహాను తలను ‘ఛార్జర్’లో పెట్టి ఇమ్మని హేరోదియ కూతురు అడుగుతుంది. తెలుగు బైబిలులో ఆ చోట పళ్లెం అనే ఉంటుంది.

చుట్టాల్లో ఇంకో ఇద్దరిని చెప్పకుండా ఉండలేను. ఇటాలియన్‌లో ‘కరికారే’ అంటే ఎత్తడం, ఎక్కువగా నింపడం. ముక్కో గడ్డమో మరీ ఎక్కువ చేసి గీసిన బొమ్మ ‘కరికతూరా’, అదే క్యారికేచర్. ఉన్న ముఖం మీద అతిశయం ఎక్కించడమన్నమాట. రెండోది కెరీర్. బండ్లు పోయే బాట అనే అర్థంతో మొదలై పరుగుపందెపు దారి అయింది. ఉద్యోగ జీవితం అనే అర్థం 19వ శతాబ్దపు మాట.

ఇంగ్లీషులో రాసేవాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి. ‘దే ఛార్జ్‌డ్ హిమ్’ అని మాత్రమే రాస్తే డబ్బు తీసుకున్నారా, కేసు పెట్టారా, మీదపడ్డారా తెలియదు. తర్వాత వచ్చే చిన్న మాటే తేలుస్తుంది. ‘ఫర్’ వస్తే డబ్బు, ‘ఎట్’ వస్తే మీదికి దూకడం. ‘విత్’ వచ్చినప్పుడు మాత్రం దాని తర్వాతి మాట కూడా చూడాలి: దొంగతనం అని ఉంటే నేరం, ఏదో శాఖ నడపడం అని ఉంటే అప్పగించిన బాధ్యత.

చివరిగా ‘చర’ సంగతి. కారు, ఛార్జ్ రెండూ కదలికకు సంబంధించినవే కాబట్టి సంస్కృతంలోని చర, చరతి వాటికి మూలమని చెప్పేవాళ్లు ఉన్నారు. శబ్దం దగ్గరగా ఉన్నంత మాత్రాన సంబంధం ఉన్నట్టు కాదు. చరతికి, ఇంగ్లీషుకు నిజమైన చుట్టరికం ఉంది గానీ అది వేరే ఇంట్లో. ఇండో-యూరోపియన్ భాషల పూర్వరూపంలో తిరగడం అనే అర్థమున్న ఒక ధాతువు నుంచి మన చరతి, చక్రం, ఇంగ్లీషు వీల్, గ్రీకు ద్వారా వచ్చిన సైకిల్ పుట్టాయి. కర్రుస్‌ను భాషాశాస్త్రజ్ఞులు పరుగెత్తడం అనే అర్థమున్న ఇంకో ధాతువుకు చేరుస్తారు. లాటిన్‌లో పరుగెత్తడం అనే ‘కుర్రెరే’ కూడా దానిదే. కోర్సు, కొరియర్, కరెన్సీ, కర్సర్ అన్నీ అక్కడివే. కరెంటు కూడా అక్కడిదే. అంటే ఫోన్‌లోకి వెళ్లే కరెంటుకు, ఫోన్‌లో నిండే ఛార్జ్‌కు దూరపు చుట్టరికం ఉంది, చరకు మాత్రం ఈ రెండిటితోనూ లేదు.